రేపటికని దాచినది



ఉరవకొండ నుండి సముద్రం గురించి వ్రాయడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మా ఊరి కొండ పడగ విప్పిన పాములాగా ఉంటుంది గనుక దానికి ఉరగకొండ అని పేరు వచ్చిందనీ, అదే వాడుకలో ఉరవకొండ అయిందనీ పెద్దలు చెబుతారు. ఆ కొండమీద నిలిచి ఏ దిక్కు చూచినా కనబడేది ఎర్రనేల, నల్లరేగడి, చెనిక్కాయ చేలు, మిరప చేలు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే తమ బరువు దించుకొని మా దాకా వట్టి గాలిగా వస్తాయి. తూర్పు నుండి వచ్చే ఈశాన్య మేఘాలు తీరంలోనే చాలామట్టుకు కురిసిపోతాయి. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అదికూడా విత్తే వేళకు రాక, కోసే వేళకు వచ్చిన సంవత్సరాలు మా సంఘస్థులలో ప్రతి కుటుంబానికీ గుర్తే.

అయినా సముద్రంతో మాకు బంధుత్వం లేకపోలేదు. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్నానది పెన్నహోబిలం దగ్గర మా ప్రక్కనుండే సాగిపోతుంది. తాడిపత్రి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, సోమశిల, నెల్లూరు దాటి, మొత్తం 597 కిలోమీటర్లు నడిచి, ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మా దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఇసుకే. ఐనా ఒక మంచి వానకు మా వంకల్లో పారిన నీరు చేరవలసిన చోటు ఆ సముద్రమే.

ఉప్పు విషయంలోనూ అంతే. ఒకప్పుడు ఈ పీఠభూమికి సొంత ఉప్పు ఉండేది. చవుడు మట్టిని నీళ్ళలో కలిపి, వడగట్టి, ఎండబెట్టి ఉప్పు తీసేవారు. ఉప్పు పన్ను తగ్గిపోకుండా ఉండాలని ఆంగ్లేయ ప్రభుత్వం పందొమ్మిదవ శతాబ్దం చివరికి ఆ పనిని మాన్పించింది. అప్పటినుండి మా కూరలోని ఉప్పు, మా సంతలోని ఎండుచేప, రెండూ సముద్రం పంపినవే.

విత్తనకాయల మాట

గడచిన మార్చి నెలాఖరున నెల్లూరులో జరిగిన కూటములకు మా సంఘమునుండి కొందరము వ్యానులో బయలుదేరాము. మాతోకూడ ఒక రైతు, ఆయన భార్య వచ్చారు. వారి పేర్లు ఇక్కడ అవసరం లేదు. అలాంటి కుటుంబాలు మా ప్రాంతమంతటా ఉన్నాయి.

వారింట్లో మూడు మూటల విత్తనకాయలు మిగిలి ఉన్నాయి. మాకు విత్తనకాయలంటే చెనిక్కాయలే. పంట సరిగా రాలేదు. అప్పు ఉంది. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసి ఉంది. వ్యాపారి ఇంటికి వచ్చి ధర చెప్పి వెళ్ళాడు. దారి పొడవునా వారిద్దరి మధ్య ఇదే మాట. "తినేదానికే లేకపాయె, ఇత్తనం ఎట్ల పెట్టుకునేది అయ్యగారూ?" అని ఆయన మమ్మును అడిగాడు. "ఇత్తనం అమ్మేస్తే జూన్ నెలలో యాడ తెచ్చేది?" అని ఆమె కిటికీలోనుండి బయటకు చూస్తూనే అన్నది. ఎకరం విత్తాలంటే 50, 60 కిలోల గింజ కావాలి. మిగతా పంటలకు చారెడు, దోసెడు విత్తనం సరిపోవచ్చు గాని చెనిక్కాయకు అలా కుదరదు. పంటలో పెద్ద భాగమే మళ్ళీ నేలలో వేయవలసి ఉంటుంది. అందుకే కరవు వచ్చినప్పుడు మా రైతు చెయ్యి మొదట విత్తనం మీదికే పోతుంది.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. ప్రార్థన చేద్దామన్నాము.

బళ్ళారి, గుంతకల్లు మీదుగా వచ్చే 67వ జాతీయ రహదారిని గుత్తి దగ్గర అందుకున్నాము. ఆ రహదారి తాడిపత్రి, మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు, నెల్లూరు దాటి కృష్ణపట్నం ఓడరేవు దగ్గర ఆగుతుంది. రాత్రి చీకట్లో పెన్న మాకు ఎక్కడెక్కడ తోడు వచ్చిందో తెలియలేదు. తెల్లవారేసరికి మాత్రం కాలువల నిండా నీళ్ళు, కంటి మేర వరిపైరు. మాతో వచ్చిన ఒక ముసలమ్మ, "ఇదంతా మన పెన్న నీళ్ళేనా నాయనా!" అని కాసేపు మాట లేకుండా కూర్చున్నది.

మైపాడు తీరాన

కూటములు ముగిసిన మరునాడు అక్కడి విశ్వాసులు మమ్మును మైపాడు తీరానికి తీసుకువెళ్ళారు. సముద్రం ఎన్నడూ చూడనివారు మాలో ముగ్గురున్నారు. వారు అలల్లో కాళ్ళు తడుపుకొని వచ్చిన తరువాత, ప్రక్కనే ఉన్న ఒక పట్టపుపాళెంలో వేటకు వెళ్ళే ఒక కుటుంబం ఇంటికి వెళ్ళాము. నెల్లూరు తీరంలో వేటవారి పల్లెలకు పట్టపుపాళెం అనే పేరే ఎక్కువ. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ తీరాన్నీ తాకింది. ఆనాటి మాట ఎత్తితే ఇప్పటికీ పెద్దవాళ్ళ గొంతు మారుతుంది.

మేము వెళ్ళిన రోజున ఆ ఇంట్లో వేట లేదు. అంతకుముందు నాలుగు రోజులూ పడవ దాదాపు ఖాళీగానే తిరిగి వచ్చిందట. పిల్లలు గోంగూర పచ్చడితో అన్నం తింటున్నారు. పంచలో నీడపట్టున మూతపెట్టిన ఒక నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. ఆ ఇల్లాలు మూత తీసి చూపినప్పుడు చూస్తే, దాని నిండా ఉప్పులో అమర్చిన కవళ్ళు.

మా రైతు భార్య ఆశ్చర్యపోయింది. "ఇన్ని చేపలు పెట్టుకొని పిల్లోళ్ళకు పచ్చడి మెతుకులేంది చెల్లీ?" అన్నది.

ఆమె నవ్వింది. "అవి చేపలు కాదక్కా, ఎర. ఎర వండుకు తింటే రేపు గాలానికి ఏం గుచ్చేది? మా అత్త కాలంనుంచీ అంతే. ఎంత లేకపోయినా ఈ డ్రమ్ములో చెయ్యి పెట్టం."

మా రైతు, ఆయన భార్య ఒకరి ముఖం ఒకరు చూచుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

ఎరను నిలువచేసే విధము

ఆ ఇంటి పెద్దాయన ముప్పై ఏళ్ళకు పైగా గాలం వేట చేసినవాడు. వలవేటకు ఎర అక్కరలేదు. గాలం వేటకు ఎర లేనిదే పని లేదు. వంజరం, సొర, పండుగప్ప వంటి పెద్ద చేపలకు చేతిగాలం వేస్తారు, లేదా పొడవైన తాడుకు వరుసగా వందల గాలాలు కట్టి వదులుతారు. ప్రతి గాలానికీ ఒక ఎర కావాలి. కవళ్ళు, కానాగడతలు, నెత్తళ్ళు, రొయ్యలు, స్క్విడ్ ముక్కలు, వీటిలో ఏది దొరికితే అది. ఇవి విరివిగా పడే రోజులు వేరు, పెద్ద చేప తిరిగే రోజులు వేరు. ఆ రెంటికీ మధ్య వంతెన వేయడమే ఎరను నిలువచేయడం. ఆయన చెప్పినది మా పాఠకులకు ఉపయోగపడుతుందని క్రమంగా వ్రాస్తున్నాము.

మొదటిది, ఏరుకోవడం. వలలో నుండి వచ్చిన వెంటనే ఎరకు పనికివచ్చేవి ప్రక్కకు తీస్తారు. కన్ను మెరుస్తూ ఉండాలి, ఒళ్ళు గట్టిగా ఉండాలి, పొట్ట పగిలి ఉండకూడదు. చచ్చిన చేప కడుపులోని జీర్ణరసాలు దాని పొట్టనే తినివేస్తాయి. కవళ్ళ వంటి మెత్తని చేపల్లో ఇది మరీ త్వరగా జరుగుతుంది. "మిగిలింది ఎరకు కాదయ్యగారూ, మంచిది ఎరకు. మిగిలింది మాకు" అన్నాడాయన.

రెండవది, కడగడం. ఎరను బావినీటితో గాని కొళాయినీటితో గాని కడగరు, సముద్రపు నీటితోనే కడుగుతారు. మంచినీరు కండలోనికి దిగి దాన్ని మెత్తబరుస్తుంది, రంగు పోగొడుతుంది. స్క్విడ్‌కు ఇది మరీ హాని. మనకు ప్రాణాధారమైన మంచినీరే ఎరకు గిట్టదు.

మూడవది, చల్లదనం. ఎండ తగలకుండా తడి గోనెపట్టా కప్పుతారు. పట్టాలోని నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. మన ఇళ్ళలో మట్టికుండ నీటిని చల్లబరచేదీ ఇలాగే. ఐసు ఉన్నచోట అడుగున ఒక వరుస ఐసు, దానిమీద చేప, మళ్ళీ ఐసు వేస్తారు. మన ఎండలకు చేప ఎంత బరువో ఐసు కూడా దాదాపు అంత బరువు ఉండాలి. కరిగిన నీరు అడుగునుండి పోయే దారి ఉండాలి, ఎర అందులో నానకూడదు. ఐసులో కొంచెం ఉప్పు కలిపితే అది సున్నా డిగ్రీలకన్న చల్లగా అవుతుంది. చలిలో కుళ్ళించే సూక్ష్మజీవులు చావవు, నిదానిస్తాయి అంతే. కాబట్టి ఐసు కొన్ని రోజుల మాటే.

నాలుగవది, ఫ్రీజరు. ఊళ్ళో ఎవరికైనా ఫ్రీజరు ఉంటే ఒక్కొక్క రోజుకు సరిపడే పొట్లాలుగా కట్టి పెడతారు. ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డ కట్టించరు. నిదానంగా గడ్డకట్టేటప్పుడు కండలో పెద్ద పెద్ద మంచుపలుకులు ఏర్పడి లోపలి పొరలను కోస్తాయి. కరిగాక ముక్క జావలాగా అయి గాలంమీద నిలవదు. రెండవసారి అయితే ఇక చెప్పనక్కరలేదు.

ఐదవది, ఉప్పు. ఇది తాతల కాలంనుండి ఉన్న పద్ధతి, కరెంటు లేని ఇంటికి కూడా అందేది. మూడు పాళ్ళ చేపకు ఒక పాలు రాళ్ళుప్పు. అడుగున ఉప్పు పరచి, దానిమీద చేపలు ఒక వరుస, మళ్ళీ ఉప్పు, మళ్ళీ చేపలు, పైన మందంగా ఉప్పు. ఒక్క రోజులోనే చేప ఒంటిలోని నీరు బయటకు ఊరి వస్తుంది. దాన్ని వంచేసి, తగ్గిన ఉప్పు మళ్ళీ వేసి, మూతపెట్టి నీడలో ఉంచుతారు. కండ ముడుచుకొని తోలులాగా గట్టిపడుతుంది. చిన్న చేపలు పొడిచినా అది గాలాన్ని విడిచిపోదు. వాడేముందు కాసేపు సముద్రపు నీటిలో నానబెడతారు. ఉప్పు చేసే పని ఒకటే. నీటిని లాగివేస్తుంది, నీరు లేనిచోట కుళ్ళు పుట్టలేదు.

అయితే పెద్దాయన ఏదీ దాచలేదు. "అప్పుడే పట్టిన ఎరకు సాటి లేదు. దాని తరువాత ఐసు. ఉప్పు ఎరకు వాసన కొంత తగ్గుద్ది. కానీ ఏమీ లేని రోజున ఉప్పు ఎరే మమ్మల్ని పడవెక్కించేది" అన్నాడు. డ్రమ్మును పెట్రోలు డబ్బాకు, సబ్బుకు, పొగాకుకు దూరంగా పెడతారు. చేపకు వాసన పట్టే శక్తి చాలా ఎక్కువ. ఉప్పులో ఎర్రని మచ్చలు కనబడితే ఆ పైభాగం తీసిపారేసి ఉప్పు మారుస్తారు. సముద్రపు ఉప్పులోనే బ్రతికే ఒక జాతి సూక్ష్మజీవులున్నాయి, ఆ ఎర్రదనం వాటిదే.

ఇంకా రెండు వారాల్లో వేట నిషేధం మొదలవుతుందని ఆయన చెప్పాడు. చేపలు గ్రుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో ఇంజను పడవలు సముద్రంలోనికి వెళ్ళకూడదు. "మళ్ళీ పడవ దించిన రోజు మొదటి గాలానికి ఈ డ్రమ్ములోదే" అని దానిమీద చెయ్యి వేశాడు.

లోకమంతటా ఇదే కథ

ఎర విలువ తెలిసినవారు మన తీరంలోనే కాదు, అంతటా ఉన్నారు. లక్షద్వీపాలలోని మినికాయ్ దీవివారు ట్యూనా చేపను గెడగాలంతో పట్టడానికి చిన్న చేపలను ప్రాణంతోనే పడవలో ఉంచుతారు. పడవ అడుగున ఒక అర ఏర్పరచి, రంధ్రాలగుండా సముద్రపు నీరు అందులో ఆడేలా చేస్తారు. నీరు వేడెక్కితే అందులోని ప్రాణవాయువు తగ్గిపోతుంది గనుక నీరు ఎప్పటికప్పుడు మారుతూ ఉండాలి. కెనడా తూర్పు తీరాన ఉన్న న్యూఫౌండ్‌లాండ్‌లో అయితే ఎర పేరుమీద ఏకంగా చట్టమే వచ్చింది. అక్కడి సముద్రంలో కాడ్ చేపకు వచ్చే ఫ్రెంచి ఓడలకు ఎర అమ్మకుండా కట్టడి చేయడానికి 1887లో ఎర చట్టం చేశారు. ఎర లేకపోతే ఎంత పెద్ద ఓడైనా ఖాళీగా తిరిగిపోవలసిందేనని వారికి తెలుసు.

మన మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పుమీద పన్ను ఉన్న రోజుల్లో, చేపలకు వేసుకోవడానికి మాత్రం ప్రభుత్వం తీరంవెంట దొడ్లు కట్టి చౌకగా ఉప్పు ఇచ్చేది. 1907లో మత్స్యశాఖకు తొలి రూపమిచ్చిన సర్ ఫ్రెడరిక్ నికల్సన్ చేపలను శుభ్రంగా నిలువచేసే పద్ధతులకోసం చాలా పాటుపడ్డాడు. ఇంకా వెనక్కు పోతే, మన ప్రభువు తిరిగిన గలిలయ తీరంలోనే చేపలకు ఉప్పువేసే ఊరు ఒకటుండేది. గ్రీకులు దానిని తారికేయ అన్నారు. ఆ పేరు చేపలు ఉప్పువేయడాన్నిబట్టి వచ్చినదే. అది మగ్దలేనే మరియ సొంత ఊరైన మగ్దల అని చాలామంది పండితుల అభిప్రాయం. ఉప్పును గురించి ప్రభువు చెప్పిన మాటలు విన్న జాలరులకు ఉప్పు కూరలో రుచి మాత్రమే కాదు, అది వారి జీవనం.

వాక్యపు వెలుగులో

పేతురు వలవేసే జాలరి. సువార్తలలో గాలం మాట ఒక్కచోటే వస్తుంది. దేవాలయపు పన్ను కట్టవలసి వచ్చినప్పుడు ప్రభువు అతనిని సముద్రమునకు వెళ్ళి గాలము వేయుమన్నాడు (మత్తయి 17:27). అక్కడ ఎర ప్రస్తావన లేదు. కానీ ఎర అనే తలంపు క్రొత్త నిబంధనలో లేకపోలేదు. మనుష్యుడు తన దురాశచేతనే ఈడ్వబడతాడని యాకోబు వ్రాసినచోట (యాకోబు 1:14) వాడిన గ్రీకు మాటలలో ఒకటి ఎర అనే మాటనుండి పుట్టినదే. కనుక ఎర చూచినప్పుడు విశ్వాసి తనను తాను హెచ్చరించుకోవాలి. అపవాది తన ఎరను ఎన్నడూ కుళ్ళనివ్వడు. తాజాగా, మెరుస్తూ ఉండేటట్టే చూచుకుంటాడు.

అయితే ఆ దినమున మాకు బలముగా తోచినది ఉప్పును గురించిన సంగతి. ఉప్పు కుళ్ళిన చేపను తాజా చేయలేదు, తాజా చేపను కుళ్ళకుండా మాత్రమే కాపాడగలదు. వల పైకి వచ్చిన గంటలోనే వేస్తే ఆ ఉప్పు పనిచేస్తుంది. సాయంత్రానికి వాసన వచ్చిన తరువాత బస్తా ఉప్పు కుమ్మరించినా డ్రమ్ము పాడైనట్టే. యెరికోలో చెడిపోయిన నీటి ఊటలో ఎలీషా ఉప్పు వేసి దానిని బాగుచేసిన మాట నిజమే (2 రాజులు 2:19-22). అది దేవుడు చేసిన అద్భుతము. కుళ్ళినదాన్ని బాగుచేయడం ఆయన పని. కుళ్ళకముందు కాపాడడం ఆయన మన చేతికి అప్పగించిన పని. పిల్లలకు వాక్యము నేర్పడం, ఇంట్లో మాటకు హద్దు పెట్టుకోవడం, అన్నదమ్ముల మధ్య మాట పట్టింపు వచ్చిన రోజునే కూర్చొని మాట్లాడుకోవడం, ఇవన్నీ ఆ గంటలో వేయవలసిన ఉప్పు. పిల్లవాడు చెయ్యి దాటిపోయాక మా దగ్గరకు తీసుకువచ్చే తల్లిదండ్రులను చూచినప్పుడల్లా మాకు కన్నీరు వస్తుంది. వారితోకూడ మేము ఎలీషా దేవుని వేడుకుంటాము, వేడుకుంటూనే ఉంటాము. ఐతే ఇంకా ఒళ్ళో పిల్లలున్న తల్లులారా, మీ చేతిలో ఉప్పు ఉన్నది, సమయమూ ఉన్నది.

మా విత్తనమూ అంతే

తిరుగు ప్రయాణంలో మా రైతు చాలాసేపటికి నోరు విప్పాడు. "అయ్యగారూ, వాళ్ళ ఎర, మన ఇత్తనకాయ ఒకటే కదా" అన్నాడు. అవును. అప్పటినుండి ఆ మాటే మాట్లాడుకుంటూ వచ్చాము. విత్తనానికి ఏరేది చేలో మిగిలినది కాదు, అన్నిటికన్న నిండుగా, గట్టిగా ఉన్న కాయ. దాన్ని తేమ 9 శాతానికి లోపు పడేదాకా ఆరబెట్టాలి. చేత్తో ఊపితే లోపలి గింజ గలగలమనాలి. విత్తే సమయం వచ్చేదాకా పొట్టు తీయకూడదు. ఒలిచిన గింజ మొలక శక్తి త్వరగా పోతుంది. మూటలను నేలమీద, గోడకు ఆనించి పెట్టక చెక్కలమీద పెట్టాలి. ఎరువుల బస్తాల ప్రక్కన ఉంచరాదు. తేమ తగిలితే పచ్చబూజు పడుతుంది. దానివల్ల పుట్టే విషం పశువుకూ మనిషికీ కీడు. వారు ఎరలోని నీటిని ఉప్పుతో తీస్తారు, మేము కాయలోని నీటిని ఎండతో తీస్తాము. ఏ నీటికోసం మేము ఏడాదంతా మోకరిస్తామో ఆ నీరే దాచుకున్న విత్తనానికి శత్రువు. విత్తనం నేలలో పడ్డ రోజున మాత్రం అదే నీరు దానికి ప్రాణం. ప్రతిదానికీ సమయం కలదని ప్రసంగి చెప్పినది మా రైతులకు వేరే వివరించనక్కరలేదు.

వారు ఏమి చేశారని మీరు అడగవచ్చు. ఇంటికి వెళ్ళి రెండు రోజులు ఆలోచించుకొని, ఒక మూట అమ్మి అమ్మాయి ఫీజులో కొంత కట్టారు. మిగతాదానికి సంఘములో నలుగురు తలా కొంత సర్దారు. రెండు మూటలు చెక్కలమీద ఉన్నాయి. మూడెకరాలు విత్తేవారు ఈ ఏడు రెండెకరాలే విత్తుతారు. అప్పు ఇంకా తీరలేదు. 2012లో కృష్ణా నీళ్ళు హంద్రీ-నీవా కాలువద్వారా మా దాపున ఉన్న జీడిపల్లి జలాశయానికి చేరినా, వారి చేను కాలువకు ఎగువన ఉంది. కాబట్టి వారికి వానే దిక్కు. మేము ఇది వ్రాసే నాటికి ఆకాశంలో మేఘాలు వచ్చి పోతున్నాయి. విత్తనాలు మోసుకొని ఏడ్చుచు పొలానికి వెళ్ళేవానిని గురించి 126వ కీర్తన చెప్పినప్పుడు, ఆ ఏడుపు ఎందుకో కడుపు నిండినవారికి త్వరగా అర్థం కాదు. ఇంట్లో పిల్లలు తినవలసిన గింజను మట్టిలో వేయడానికి తీసుకువెళ్తున్నాడు గనుక అతడు ఏడుస్తున్నాడు. ఆ సంగతి మైపాడు తీరాన పచ్చడి మెతుకులు తింటున్న పిల్లల తల్లికి తెలుసు, మా రైతు భార్యకు తెలుసు.

పిడికెడు బియ్యము

ఈ మాట రైతుకు, జాలరికి మాత్రమే కాదు. మన సంఘాలలో అమ్మలు పిడికెడు బియ్యం తీసే అలవాటు ఎంతో కాలంగా ఉన్నది. అన్నం వండేముందు, ఎసట్లో బియ్యం పోయకముందే, ప్రభువుకని ఒక పిడికెడు వేరే కుండలో వేస్తారు. తిన్న తరువాత గిన్నెలో మిగిలినది తీసిపెట్టే ఇల్లాలు ఎవరూ లేరు. సారెపతులో కరవు దినములలో ఒక విధవరాలు తొట్టిలోని చివరి పిండితో మొదట ప్రవక్తకు ఒక అప్పము చేసి, తరువాత తనకూ తన కుమారునికీ చేసుకున్నది (1 రాజులు 17). ఆమెకు తక్కువ లేదని కాదు, అంతా తక్కువే. ఐనా వరుస తప్పలేదు.

ఇటీవల కొన్ని ఇళ్ళలో ఆ పిడికెడు కుండ కనబడడం లేదు. బియ్యం కొనుక్కునే బియ్యమయ్యాయి, వంట తొందర వంటైంది. కొందరు నెలాఖరున మిగిలితే కానుక, ఆదివారం తీరిక ఉంటే ఆరాధన, రాత్రి నిద్ర రాకపోతే ప్రార్థన అన్నట్టు ఉన్నారు. అది పొట్ట పగిలిన చేపలను ఏరి ఎర డ్రమ్ములో వేయడంవంటిది. ఎంత ఉప్పు వేసినా అది నిలువ ఉండదు.

కాబట్టి ప్రియులారా, ఈ మాసము మీ కుటుంబ ప్రార్థనలో తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఒక సంగతి మాట్లాడుకొనుడి. మన ఇంట్లో రేపటికని దాచినది ఏది? దేవునికని, పిల్లల చదువుకని, విత్తనానికని, కష్టకాలంలో పొరుగువానికని ప్రక్కన పెట్టినది మంచిలోనుండి తీసినదా, మిగిలినదానిలోనుండి తీసినదా? దానికి వేయవలసిన ఉప్పు ఈరోజే వేశామా? మీ పిడికెడు కుండ అటకమీద ఉంటే దించి, కడిగి, పొయ్యి ప్రక్కన పెట్టుకొనుడి. రేపు ఉదయం బియ్యం చేటలో పోయగానే మొదటి పిడికెడు అందులో వేయుడి.

మన నేలకు వానను, మన తీరపు పడవలకు వేటను, మన ఇళ్ళకు సమాధానమును ప్రభువు దయచేయును గాక. ఆమేన్.